సర్దుకుపోవడం మానేశాక

2019 నవంబరులో ఒక పొద్దున్న, మా వారు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని "ఏవోయ్, కాస్త బీరువా ఇయ్యి" అన్నారు.

నేను నవ్వాను. "పొద్దున్నే ఏమిటండీ ఈ వేళాకోళం" అంటూ, పాలు పొంగుతున్నాయని స్టవ్ వైపు తిరిగాను. మళ్ళీ "బీరువా" అన్నారు. ఈసారి గొంతులో విసుగు. కాఫీ గ్లాసు కోసం కుడిచేయి చాపబోయారు, అది ఒళ్ళోంచి లేవలేదు. మొహంలోకి చూస్తే మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. అప్పటికి నా నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను పొడుస్తూ ఉంటుంది.

కోడలు 911కి ఫోన్ చేసింది. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ఏమైందని కాదు. "ఈయన మామూలుగా ఉండగా ఆఖరిసారి ఎన్నింటికి చూశారు?" అని. మెదడులో గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే మందు ఇవ్వాలంటే, మనిషి బాగున్నట్టు ఆఖరున చూసిన టైము నుంచి నాలుగున్నర గంటలు దాటకూడదట. నిద్ర లేచేసరికే అలా ఉంటే, పడుకోబోయే ముందు టైము లెక్కలోకి వస్తుంది. మా అదృష్టం, తణుకులో ఉన్న మా మరిదితో ఆయన అంతకు ముందే ఫోన్లో మాట్లాడారు. ఏడూ పది అని ఫోనే చెప్పింది. మందు ఇచ్చారు. ప్రాణం దక్కింది. కుడికాలు కొంచెం ఈడుస్తారు, చేయి సగం వచ్చింది. మాట మాత్రం పోయింది.

"కష్టకాలంలో పెద్దవయసువాళ్ళు మనసు ఎలా నిలబెట్టుకుంటారో రాయండి పిన్నిగారూ" అని మన గ్రూపు అమ్మాయి అడిగితే మొదట వద్దన్నాను. నేనేం నిలబెట్టుకున్నానని? తర్వాత అనిపించింది, నిలబడిన కథలు ఫార్వర్డ్‌లలో రోజూ వస్తూనే ఉన్నాయి కదా, మధ్యలో ఏం జరుగుతుందో ఎవరూ రాయరేమని. అందుకని ఇది.

మావాళ్ళు దీన్ని మాట పడిపోవడం అంటారు. ఇక్కడ అఫేజియా అంటారు. 2022లో బ్రూస్ విల్లిస్ అనే సినిమా నటుడికి వచ్చిందని వాళ్ళ కుటుంబం చెప్పినప్పుడు చాలామంది ఈ పేరు మొదటిసారి విన్నారు. ఆయనది పక్షవాతంతో వచ్చినది కాదు, అది వేరు. చాలామందికి మాటలకి సంబంధించిన భాగం మెదడులో ఎడమవైపు ఉంటుంది, అక్కడ దెబ్బ తగిలితే ఇలా అవుతుంది. తెలివి పోదు. ఇది అందరికీ చెప్పీ చెప్పీ అలసిపోయాను. ఆయనకి అన్నీ తెలుసు. ఎవరొచ్చారో, బిల్లు ఎంతయిందో, సాంబారులో ఉప్పు తక్కువైందో తెలుసు. ఆ తెలిసినదానికి మాట దొరకదు. కాఫీ అనాలనుకుంటే బీరువా వస్తుంది. తర్వాత తర్వాత అదీ పోయి ఒక్క మాట మిగిలింది: "అదే". ఆకలేస్తే అదే, కోపమొస్తే అదే, మనవణ్ణి పిలవాలన్నా అదే.

ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల మాస్టారు. ఊళ్ళో సగంమంది ఆయన చేతి బెత్తం తిన్నవాళ్ళే. ఏ విషయమైనా మూడు విధాలుగా వివరిస్తేగానీ వదిలేవారు కాదు. వంటింట్లోకి వచ్చి మరీ వివరించేవారు. "మీరు కాసేపు నోరు మూసుకుంటే నాకు పుణ్యముంటుంది" అని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. సరే, ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం.

మాకు 2020 జనవరి 18న తిరుగు టిక్కెట్లు ఉన్నాయి. 2015లో గ్రీన్ కార్డు మీద వచ్చినప్పటి నుంచీ ఆరు నెలలు న్యూజెర్సీ, ఆరు నెలలు తణుకు అన్నట్టు గడిచేది. సంక్రాంతికి అక్కడ ఉండాలని నేను గొడవ పెడితే, టిక్కెట్లు పండగ దాటాక చవక అని మా అబ్బాయి అన్నాడు. ఆ టిక్కెట్లు ఏప్రిల్‌కి మార్చాం. మార్చి ఆఖరుకి ఇండియాకి విమానాలే ఆగిపోయాయి. అప్పుడు నాకు లోపల లోపల ఎంత ఊరట కలిగిందో చెబితే మీరు ఏమనుకుంటారో. ప్రపంచమంతా ఆగింది కాబట్టి మేమూ ఆగాం, అంతే, మళ్ళీ మొదలవగానే వెళ్ళిపోతాం. అలా చెప్పుకోవడానికి వీలు దొరికింది.

ఆ రోజుల్లో తణుకు నుంచి ఎవరు ఫోన్ చేసినా నా జవాబు ఒక్కటే. "ఏం ఫర్వాలేదండి, మూడు నెలల్లో మామూలైపోతారు." మూడు నెలలు ఆరయ్యాయి, ఆరు తొమ్మిదయ్యాయి, నేను మాత్రం మూడు దగ్గరే ఉన్నాను. స్నానం నేనే చేయించేదాన్ని, కోడల్ని రానిచ్చేదాన్ని కాదు. పిల్ల ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటోంది, పిల్లాడికి ఇంట్లోనే బడి, వాళ్ళని ఇబ్బంది పెట్టడమెందుకని. నడుం పట్టేస్తే చెప్పేదాన్ని కాదు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే, ఎవరికీ వినబడకుండా బాత్రూంలో కుళాయి తిప్పుకుని కూర్చునేదాన్ని.

దీనికి మన భాషలో చక్కటి పేరుంది. సర్దుకుపోవడం. పెళ్ళయి వెళ్ళేటప్పుడు మా అమ్మ చెవిలో చెప్పిన మాట అదే, నేను మా అమ్మాయికి చెప్పిందీ అదే, సిగ్గుగానే ఒప్పుకుంటున్నాను. అత్తగారింట్లో సర్దుకుపోవాలి, ఆయన బదిలీలకి సర్దుకుపోవాలి, అమెరికా వచ్చాక కొడుకింటి పద్ధతులకి, చలికి, కార్పెట్‌కి సర్దుకుపోవాలి. నాకు అందులో మంచి మార్కులే వచ్చేవి. కాబట్టి దీన్నీ అలాగే సర్దేయొచ్చు అనుకున్నాను.

స్పీచ్ థెరపీ లాక్‌డౌన్‌లో వీడియో మీదికి మారింది. థెరపిస్టు మంచి పిల్ల, పాతికేళ్ళుంటాయేమో. బొమ్మలు చూపించి పేరు చెప్పమనేది. ఇగ్లూ, ప్రెట్జెల్ లాంటివి. తణుకు లెక్కల మాస్టారికి ప్రెట్జెల్ ఏమిటో మాట ఉన్న రోజుల్లోనే తెలియదు. ఆయన తెల్లమొహం వేస్తే ఆ పిల్ల ఏదో రాసుకునేది. మా అబ్బాయి మీటింగుల మధ్యలో వచ్చి పక్కన కూర్చుని ఇటువి అటు, అటువి ఇటు చెప్పేవాడు. ఆ అమ్మాయి చాలాసేపు ఏదో చెప్పేది, వీడు నాకు ఒక్క ముక్కలో తేల్చేవాడు, "ప్రోగ్రెస్ బాగుందట అమ్మా, టైము పడుతుందట." అంతసేపు మాట్లాడితే ఇంతేనా అని ఒక్కసారి కూడా అడగలేదు నేను.

ఇక్కడ ఎక్కాల సంగతి చెప్పాలి.

2020 అక్టోబరులో ఒక మధ్యాహ్నం బట్టలు మడత పెడుతున్నాను. మనవడు పక్క గదిలో ల్యాప్‌టాప్ ముందు ఇంగ్లీషులో ఏవో గుణకారాలు చెబుతున్నాడు. అది విని నాకు తెలియకుండానే నోట్లో పదమూడో ఎక్కం మొదలైంది. "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు..." వెనకనుంచి గొంతు వచ్చింది. "పదమూడు మూళ్ళు ముప్ఫై తొమ్మిది. పదమూడు నాలుగులు యాభై రెండు." స్పష్టంగా, పాత గొంతు, క్లాసులో గొంతు. నూట ముప్ఫై దాకా ఆగకుండా వెళ్ళారు. నా చేతిలో దుప్పటి కింద పడింది. పద్నాలుగు అందించాను, చెప్పారు. పదిహేను చెప్పారు. వారాలు అడిగితే ఆదివారం నుంచి శనివారం దాకా చెప్పారు. నేను ఏడుస్తూ నవ్వుతూ అందరికీ ఫోన్లు చేశాను. తణుకులో అర్ధరాత్రని కూడా చూడలేదు. మాట వచ్చేసింది, మాట వచ్చేసింది. మా మరిది అటునుంచి ఏడ్చాడు. పక్కింటావిడ వెంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ కొట్టిస్తానంది.

తర్వాత ఆయన దగ్గర కూర్చుని, "ఏం కావాలండీ, కాఫీ పెట్టనా?" అన్నాను.

నోరు తెరిచారు. వెతుక్కున్నారు. ఆ వెతుకులాట కళ్ళలో కనిపిస్తుంది, తెలుసా? చీకట్లో గోడ మీద స్విచ్చి కోసం తడుముతున్నట్టు ఉంటుంది. ఆఖరికి "అదే" అన్నారు.

"ఏది అదే? ఇందాక అంత బాగా చెప్పారుగా! చెప్పండి, కాఫీ అనండి, కా-ఫీ!" అని అరిచాను. భుజం పట్టుకుని కుదిపాను కూడా. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. గోడవైపు చూస్తూ ఏడ్చారు. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆయన ఏడవగా చూడడం అదే మొదలు.

ఆ రాత్రి మన గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు, నాలుగు నిమిషాలుంది. చాలామంది దణ్ణాల బొమ్మలు పెట్టారు. "పాజిటివ్‌గా ఉండండి ఆంటీ" అన్నారు. ఆ మాట అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు, కానీ ఆ మాట మీద ఉంది. మునిగిపోతున్నవాళ్ళని ఈత వచ్చినట్టు నవ్వమన్నట్టుంటుంది. డాలస్‌లో నర్సుగా చేసే ఒక చెల్లెలు మాత్రం విడిగా మెసేజ్ పెట్టింది. "అక్కా, థెరపీలో మీకు తెలుగు ఇంటర్‌ప్రెటర్ ఉన్నారా?"

లేరు, మా అబ్బాయి చెబుతాడుగా అన్నాను. అడగండి అంది. వాళ్ళకెందుకు శ్రమ అన్నాను. దానికి ఆ అమ్మాయి అన్నది నాకు గట్టిగా తగిలింది. "అది వాళ్ళ దయ కాదక్కా, చట్టం." ఈ దేశంలో మెడికేర్, మెడికెయిడ్ లాంటి ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులన్నీ, ఇంగ్లీషు సరిగా రానివాళ్ళకి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. 1964 పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన హక్కు ఇది. మనిషి రాకపోయినా ఫోన్లోనో వీడియోలోనో ఉంటారు. "తెలుగు" అన్న ఒక్క మాట అంటే చాలు. (ఇంగ్లండులో ఉన్నవాళ్ళు ఎన్‌హెచ్‌ఎస్‌లో కూడా ఇలాగే అడగొచ్చు.) నేను ఏడాదిగా సర్దుకుపోతున్నది అలా అడిగే అవసరం లేకుండా చేసుకోవడానికే అని తర్వాత అర్థమైంది.

2021 జనవరిలో అడిగించాను. ఫోన్లో ఒకావిడ వచ్చింది, తన పేరు చెప్పలేదు, నెంబరు చెప్పింది. ఏ రాష్ట్రంలో ఉందో తెలియదు, యాస మాత్రం గుంటూరు. "అమ్మా, ఆవిడ ఏమంటే అది నేను ఉన్నదున్నట్టు చెబుతానండి, కలపను, తియ్యను" అంది ముందే. సరేనన్నాను. ఇన్నాళ్ళూ అబ్బాయి ద్వారా అడిగిన ప్రశ్నే అడిగాను. మా వారికి మాట ఎప్పుడు వస్తుంది?

థెరపిస్టు నెమ్మదిగా చెప్పింది, ఈవిడ నెమ్మదిగా తెలుగులో చెప్పింది. ఎక్కువ మెరుగు సాధారణంగా మొదటి నెలల్లోనే కనిపిస్తుంది. ఆ తర్వాత కూడా ఉంటుంది, ఏళ్ళ తర్వాత కూడా కొంచెం కొంచెం వస్తుంది, కానీ మునుపటి మాట తిరిగి వస్తుందని నేను అనుకోవడం లేదు. ఎక్కాలు, వారాలు, స్తోత్రాలు చిన్నప్పటి నుంచీ వల్లెవేసి నోటికి అలవాటైపోయినవి, వాటి దారి వేరు. ఏదైనా అడగాలన్నా, జవాబు చెప్పాలన్నా కావలసిన దారి దెబ్బతింది. ఈ సంగతి మీ అబ్బాయికి గత వేసవిలోనే చెప్పాను.

చివరి వాక్యం కూడా ఆవిడ ఉన్నదున్నట్టే చెప్పింది.

నేను కూలిపోతానని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఏమైందో చెప్పనా? నాకు ఆకలేసింది. ఏడాది తర్వాత ఆ మధ్యాహ్నం కడుపునిండా పెరుగన్నం తిన్నాను, ఆవకాయ వేసుకుని. ఎందుకలా జరిగిందో చాన్నాళ్ళు ఆలోచించాను. ఏడాదిగా నేను ఎదురుచూస్తున్నదేదో రాదని తెలిస్తే, ఎదురుచూసే చాకిరీ ఒకటి తప్పిపోయింది. అంతకంటే బాగా చెప్పలేను.

సాయంత్రం మా అబ్బాయిని కూర్చోబెట్టాను. "ఎందుకు దాచావురా?"

"నువ్వు తట్టుకోలేవనుకున్నానమ్మా."

"తట్టుకోలేనని నీకు ఎవరు చెప్పారు?"

వాడు జవాబు చెప్పలేదు. తల దించుకుని చాలాసేపు ఉన్నాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, నా కళ్ళముందు పదేళ్ళవాడైపోయాడు. తట్టుకోలేనిది వాడు. నాన్నగారి గొంతు ఇక లేదని తన నోటితో తెలుగులో చెప్పడం వాడివల్ల కాలేదు. నేను వాడి కోసం "ఏం ఫర్వాలేదు" అంటున్నాను, వాడు నా కోసం "బాగుందట" అంటున్నాడు. ఒకే ఇంట్లో ఏడాదిపాటు ఇద్దరం ఒకరి కోసం ఒకరం సర్దుకుపోయాం. మధ్యలో ఆయన ఇగ్లూ బొమ్మ ముందు ఒంటరిగా కూర్చున్నారు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాలీన్ బాస్ అనే విశ్రాంత ఆచార్యురాలు ఉన్నారు. వియత్నాం యుద్ధంలో గల్లంతైపోయిన సైనికుల కుటుంబాలతో 1970లలో పని చేశారు. చనిపోయారని తెలియదు, ఉన్నారనీ తెలియదు. అలాంటి దుఃఖానికి ఆవిడ ఒక పేరు పెట్టారు, మన మాటల్లో తేలని నష్టం అనుకోవచ్చు. అది రెండు రకాలట. మనిషి ఎదురుగా లేకుండా మనసులో ఉండడం ఒకటి, ఎదురుగా ఉండి కూడా మునుపటి మనిషి లేకపోవడం రెండోది. మతిమరుపు వ్యాధి వచ్చినవాళ్ళ ఇళ్ళలో ఉండేది ఈ రెండోదే. ఆవిడ పుస్తకం 1999లో వచ్చింది. డాలస్ చెల్లెలు దాని గురించి చెబితే కోడలు తెప్పించి, రోజుకి రెండు పేజీలు నాకు తెలుగులో చెప్పింది. అలాంటి దుఃఖానికి "ముగింపు" అనేది ఉండదని, ఉండాలని మనల్ని మనం హింసించుకోవద్దని ఆవిడ అంటారు. ఉన్నారు, లేరు, రెండూ ఒకేసారి నిజమే అని పట్టుకుని బతకాలి. మన ఇళ్ళలో ఎవరైనా చనిపోతే పదకొండో రోజు, పన్నెండో రోజు అని ఒక లెక్క ఉంది. భోజనాలు పెట్టి, ఇక పనులు చూసుకోండి అంటారు. బతికున్న మనిషి మాట పోతే ఏ రోజు చేస్తాం? నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే ఇదే అర్థమైంది.

పెద్దవయసు గురించి ఇంకో సంగతి. స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్స్టెన్సన్ బృందం 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ భయం మొదలైన రోజుల్లోనే, 18 నుంచి 76 ఏళ్ళ మధ్య ఉన్న 945 మంది అమెరికన్లని అడిగి చూసింది. ప్రాణభయం పెద్దవాళ్ళకే ఎక్కువైనా, రోజువారీ మనసు స్థితి చిన్నవాళ్ళ కంటే పెద్దవాళ్ళదే మెరుగ్గా ఉందట. మిగిలిన కాలం తక్కువని తెలిసేకొద్దీ మనిషి అక్కర్లేనివి వదిలేసి, దగ్గరివాళ్ళని, ఇవాళ్టి రోజుని పట్టుకుంటుందని ఆవిడ చాలా ఏళ్ళుగా చెబుతున్న మాట. నేను దీన్ని సగమే నమ్ముతాను. వదిలేయడం వయసుతో దానంతట అదే వచ్చేస్తే, మా అత్తగారు తొంభయ్యో ఏట తాళాల గుత్తి తలగడ కింద పెట్టుకుని పడుకునేవారు కాదు. కానీ నా విషయంలో కొంత నిజం. నలభైలో అయితే ఈ కబురు విన్నాక పెరుగన్నం తినగలిగేదాన్ని కాదు.

తినగలిగానని అంతా సర్దుకుందనుకోకండి. ఫిబ్రవరిలో నాకు నిద్ర పూర్తిగా పోయింది. లలిత చదవాలనిపించలేదు, మనవడు ముద్దు పెట్టినా ఏమీ అనిపించలేదు. "పరిస్థితిని ఒప్పేసుకున్నాను కాబట్టి ప్రశాంతంగా ఉన్నాను" అని నాకు నేనే చెప్పుకున్నాను. కోడలు నమ్మలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, ఈసారి దుబాసీని తనే అడిగింది. అది ప్రశాంతత కాదు, డిప్రెషన్. ఎనిమిది నెలలు మాత్ర వేసుకున్నాను, ఇందులో దాచుకోవడానికేమీ లేదు. మా వారికీ ఉందని అప్పుడే తేలింది. పక్షవాతం వచ్చినవాళ్ళలో సుమారు మూడో వంతు మందికి వస్తుందట. మాట లేని మనిషి తనకి దిగులుగా ఉందని ఎలా చెబుతాడు? రెండు వారాలు దాటి తిండి, నిద్ర, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోయాయంటే వయసు మీద నెట్టేయకండి. బతకాలని లేదు అనిపించేదాకా వస్తే అమెరికాలో 988కి, ఇండియాలో ఉన్న మీవాళ్ళు టెలిమానస్ 14416కి రాత్రైనా పగలైనా ఫోన్ చేయొచ్చు.

అడగడం అలవాటైన కొద్దీ పనులు మారాయి. ఇగ్లూ బొమ్మలు తీసేయమన్నాం. థెరపిస్టు సంతోషంగా తీసేసింది, పాపం ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదంతే. బదులుగా మా ఫోటోలతో ఒక పుస్తకం చేశాం. కాఫీ గ్లాసు, పెరుగన్నం గిన్నె, పంచె, బాత్రూం, కళ్ళజోడు, మనవడు, మరిది, బ్రిడ్జ్‌వాటర్ గుడి, తణుకు ఇల్లు. ఆయన వేలు పెడితే చాలు. ఒక్కోసారి ఒక్క ప్రశ్నే అడగాలని, అవును కాదు అని తలూపితే సరిపోయేలా అడగాలని, టీవీ ఆపేసి మాట్లాడాలని, ఆయన వెతుక్కుంటుంటే మనం మాట అందించేయకుండా ఆగాలని నేర్పింది. ఆగడం అన్నిటికంటే కష్టం. ఇరవై సెకన్లు ఎంత పొడుగుంటాయో నాకిప్పుడు తెలుసు.

రాగం తీస్తూ, ఎడమచేత్తో బల్ల మీద తాళం వేస్తూ మాటలు పలికించే పద్ధతి ఒకటి ఉంది, అదీ మొదలుపెట్టింది. "కా-ఫీ కా-వా-లి." థెరపిస్టు రాగం చెబితే ఫోన్లో గుంటూరు ఆవిడ కూడా రాగం తీయాల్సి వచ్చింది. ఆవిడకి శ్రుతి లేదు, మా వారికి జన్మలో లేదు. ముగ్గురూ కలిసి పాడుతుంటే మనవడు చెవులు మూసుకుని పారిపోయేవాడు. నాలుగు నెలలకి నాలుగు మాటలు వచ్చాయి. కాఫీ ఒకటి, కొన్ని రోజులే. తర్వాత అదీ మళ్ళీ బీరువా అయింది. ఇప్పుడు మా ఇంట్లో అందరూ కాఫీని బీరువా అనే అంటారు. కోడలు ఆఫీసు నుంచి వస్తూనే "అత్తయ్యా, ఒక స్ట్రాంగ్ బీరువా" అంటుంది.

ఇంటి సంగతి చివరిదాకా దాటవేశాను. ఆయన పుస్తకంలో ఎక్కువగా వేలు పెట్టే ఫోటో తణుకు ఇల్లు. వేలు పెట్టి నా మొహంలోకి చూసేవారు. "వెళ్దామండీ, విమానాలు మొదలవగానే వెళ్దాం" అనేదాన్ని. 2022 మార్చి ఆఖరున మామూలు విమానాలు మొదలయ్యాయి. ఆయన వేలు పెట్టారు. నేను "ఎండలు తగ్గాక" అన్నాను. ఆ మాట అంటుంటేనే మా అబ్బాయి గొంతు వినిపించింది నాకు. ప్రోగ్రెస్ బాగుందట అమ్మా. నేనూ అదే చేస్తున్నాను.

రెండు రోజులు ఆలోచించి పక్కన కూర్చున్నాను. ఒక్కొక్క వాక్యం, ఆగి ఆగి. "మనం తణుకు వెళ్ళి ఉండలేమండీ. అక్కడ మెట్లున్నాయి. నేనొక్కదాన్నీ మిమ్మల్ని లేపలేను. ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాను. మీకు సమ్మతమేనా?" తల ఊపలేదు. పుస్తకం మూసేశారు. మూడు రోజులు నా చేతి కాఫీ తాగలేదు, కోడలు ఇస్తే తాగారు. నాలుగోరోజు సంతకం పెట్టే ఎడమచేతిని నా ముందు చాపారు. అది సమ్మతమో, ఇక నీ ఇష్టం అనడమో నాకు తెలియదు. రెండింటికీ మాట ఒకటే ఆయన దగ్గర.

2023 ఫిబ్రవరిలో నేనొక్కదాన్నే మూడు వారాలు వెళ్ళాను. డెబ్బై రెండేళ్ళకి ఒంటరిగా విమానం ఎక్కడం అదే మొదటిసారి. వీల్‌చెయిర్ అడగండి అని మీరందరూ చెప్పారు, అడిగాను. ఆ మూడు వారాల కోసమే ఆయన్ని ఇక్కడ ఎడిసన్ దగ్గర పెద్దవాళ్ళ డే కేర్‌లో చేర్చాం. కొడుకు బతికుండగా తండ్రిని అక్కడెక్కడో పెట్టారని తణుకులో ఇద్దరు ముగ్గురు అన్నారు. ఇదివరకైతే ఆ మాటకి సర్దిచెప్పుకునేదాన్ని. ఈసారి కాఫీ తాగుతూ విన్నాను, అంతే.

ఇల్లు ఖాళీ చేయడం గురించి రాయను, అది చేసినవాళ్ళకి తెలుసు. సపోటాలు కోయించి వీధంతా పంచాను. మంచాలు, గిన్నెలు, ఆయన పాత హాజరుపట్టీలు పోయాయి. ముందుగదిలో ఆయన మొదటి జీతాల్లో కూడబెట్టి కొన్న ఇనుప బీరువా ఉంది, ముప్ఫై ఏళ్ళు మా ఇంట్లో పని చేసిన మనిషికి ఇచ్చాను. నలుగురు కలిసి రిక్షాబండి మీదికి ఎక్కించారు. తలుపు అద్దంలో వీధి అంతా ఊగుతూ వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చాక కూడా డే కేర్ మాన్పించలేదు. వారానికి మూడు రోజులు, ఎనిమిదిన్నరకి వ్యాను వస్తుంది. అక్కడ ఎక్కువమంది గుజరాతీలు. ఒక పెద్దాయనకి తెలుగు రాదు, మా వారికి గుజరాతీ రాదు, ఇద్దరూ క్యారమ్స్ ఆడతారు. ఆ మూడు రోజులు నేను నడకకి వెళ్తాను, మన గ్రూపు పారాయణంలో కూర్చుంటాను, ఒక్కోసారి ఏమీ చేయను. తణుకు ఫోటో పుస్తకంలోనే ఉంది. సాయంత్రాలు దాని మీద వేలు పెడుతుంటారు. ఇప్పుడు వెళ్దాం అనను. "మంచి ఇల్లండీ" అంటాను. తల ఊపుతారు.

మొన్న ఆదివారం పొద్దున్న ఫోటో మీద వేలు అలాగే ఉంచి, నా వైపు తిరిగి "బీరువా?" అన్నారు. చివర్లో గొంతు పైకి లేచింది, ప్రశ్నలా. కాఫీ అడుగుతున్నారో, ముందుగదిలో బీరువా ఏమైందని అడుగుతున్నారో తేల్చుకోలేకపోయాను. ఇరవై సెకన్లు ఆగాను. ఇంకేమీ అనలేదు. "పనిమనిషికి ఇచ్చేశానండీ, జాగ్రత్తగా చూసుకుంటుంది" అని చెప్పి, లేచి కాఫీ కలిపి తెచ్చాను. తాగారు.